గర్భసంచి ఆపరేషన్: నెల ముందు నుంచి రెండు నెలల తర్వాత దాకా

గర్భసంచి తీసేసే ఆపరేషన్ అనగానే అందరికీ ఆపరేషన్ థియేటర్ గురించే భయం. ఆ రెండు మూడు గంటలు మన చేతిలో ఉండవు, డాక్టర్లు చూసుకుంటారు. మన చేతిలో ఉండేది అంతకు ముందు నెల, ఆ తర్వాత రెండు నెలలు. నేను జనగామ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. గర్భసంచిలో గడ్డల వల్ల నలభై ఆరో ఏట నాకు ఈ ఆపరేషన్ అయింది, పొట్ట కింద అడ్డకోత పెట్టి. అప్పటి నుంచి మా స్టాఫ్‌రూమ్‌లో గానీ మా వాడకట్టులో గానీ ఎవరికి డాక్టరు ఈ మాట చెప్పినా వాళ్లు నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, అది నిజంగా అవసరమేనా అని తేల్చుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేశారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అది నూటికి ఎనిమిదికి పైనే. మన ఆడవాళ్లకు మాత్రమే అన్ని జబ్బులు ఎందుకొస్తాయి? తెల్లబట్ట అవుతోందని, నడుము నొప్పని, "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని ముప్పై ఏళ్లకే తీయించుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. తెల్లబట్టకు మందులున్నాయి. ఎక్కువ బ్లీడింగ్‌కు మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. కొందరికి గడ్డలు మాత్రమే తీసి సంచి ఉంచవచ్చు. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని ఆపే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. కాబట్టి ఇంకో డాక్టర్ని అడగడానికి మొహమాటపడకండి. స్కానింగ్, పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ ఆనవాళ్లు చూసే పరీక్ష), నలభై అయిదు దాటి బ్లీడింగ్ తేడాగా ఉంటే లోపలి పొర బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష), ఈ రిపోర్టులు చేతిలో పెట్టుకుని రెండో డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇద్దరూ అదే చెబితే మనసు కూడా కుదుటపడుతుంది. క్యాన్సర్ ఉందని తేలితే మాత్రం ఇలా నెలలు గడపకూడదు, అది వేరే దారి.

తీయాల్సిందే అని తేలాక డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. అక్కడికి వెళ్లాక గుర్తుండవు. పొట్ట కోసి చేస్తారా, ల్యాప్రోస్కోపీనా (పొట్ట మీద చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది), కింది నుంచి, అంటే యోని దారినా? గర్భసంచి ముఖద్వారం కూడా తీస్తారా? అండాశయాలు ఉంచుతారా?

ఈ ఆఖరి ప్రశ్న మర్చిపోవద్దు. గర్భసంచి పోతే నెలసరి, పిల్లలు కలగడం మాత్రమే ఆగుతాయి. అండాశయాలు కూడా పోతే ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. ఒంట్లోంచి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి వెంటనే మొదలవుతాయి. ఎముకలు తొందరగా గుల్లబారతాయి, గుండెకూ నష్టమే. నెలసరి ఇంకా ఆగని వయసులో అండాశయాలు బాగుంటే ఉంచమని గట్టిగా అడగండి. తీయక తప్పని పరిస్థితి అయితే తర్వాత హార్మోన్ మందులు వాడాలా అని ముందే మాట్లాడుకోండి. "ఎలాగూ కోస్తున్నాం కదా, అన్నీ తీసేద్దాం" అన్న మాటకు తల ఊపేయకండి.

ఇక ఒంటిని సిద్ధం చేసుకోవడం. ఏళ్ల తరబడి బ్లీడింగ్ అయినవాళ్లకు రక్తం ఉండదు. నాకు హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయి, బ్లాక్‌బోర్డు మీద రాస్తుంటే ఆయాసం వచ్చేది. మామూలుగా పదికి తెచ్చాకే ఆపరేషన్ చేస్తారు. అందుకే నెల ముందు నుంచి మొదలుపెట్టాలి. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. టీతో, పాలతో, క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు, గంటో రెండు గంటలో ఎడం ఉంచండి. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడక్కర్లేదు. మాత్రలు పడకపోతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకోండి, లేకపోతే కుట్లు మానవు. బీపీ, థైరాయిడ్, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఏవి ఆపాలో, ఏవి ఆపరేషన్ రోజు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోవాలో మత్తు డాక్టర్ని అడిగి రాసుకోండి. నాటుమందులు, ఆయుర్వేదం పొడులు వాడుతుంటే అవీ దాచకుండా చెప్పండి.

ఒంటికంటే ఇంటిని సిద్ధం చేయడమే కష్టం, మన ఆడవాళ్లు వదిలేసేది కూడా అదే. పైన చర్మం పది పదిహేను రోజుల్లో అతుక్కుంటుంది. లోపల పొట్ట పొరలు, యోని పైభాగంలో వేసిన కుట్లు మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మూడు నెలలకు కూడా ఆ పొరలకు పాత బలం పూర్తిగా రాదు. రెండు వారాలకే మనం తిరుగుతూ కనిపిస్తే "బాగైంది కదా" అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, మనమూ అనుకుంటాం. బిందె ఎత్తేది అప్పుడే. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోలు పైనే. నిండు గ్యాస్ సిలిండర్ ముప్పై కిలోల దాకా ఉంటుంది. ఆరు వారాల దాకా అయిదు కిలోలు దాటినది ఏదీ ఎత్తకూడదు, మొదటి రెండు వారాలు చెంబెడు నీళ్లకు మించి వద్దు. పొట్ట కోసి చేస్తే పెద్ద బరువులు మూడు నెలల దాకా ముట్టకండి. లేకపోతే కోత చోట హెర్నియా వచ్చి మళ్లీ ఆపరేషన్ దాకా పోవచ్చు.

అందుకని పనులు పంచేయండి, అదీ పేర్లతో. "అందరూ సాయం చేయండి" అంటే ఎవరూ చేయరు. మా ఇంట్లో నీళ్లు పట్టడం, సిలిండర్ మార్చడం మా ఆయనకు, పొద్దున వాకిలి ఊడ్చి అలుకు చల్లడం మా పెద్దమ్మాయికి, కూర మా వదినకు అని గోడ మీద కాగితం అంటించాం. మా అత్తమ్మతో ముందే కూర్చుని మాట్లాడాను: "అత్తమ్మా, నేను పైకి బాగానే కనిపిస్తాను గానీ లోపల పచ్చిగా ఉంటుంది, రెండు నెలలు నన్ను వంగనివ్వకు" అని. ఆ తర్వాత ఆమే నాకు కాపలా అయింది. డాక్టరు ముందు భర్తను కూర్చోబెట్టి ఈ మాటలు డాక్టరుతోనే చెప్పించండి. మనం చెబితే ఒకలాగా, డాక్టరు చెబితే ఇంకోలాగా వింటారు.

మంచం ఎత్తుగా ఉండాలి. కింద పడుకోవడం, నులక మంచం రెండూ వద్దు, లేవడానికి పొట్ట బిగించాల్సి వస్తుంది. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉంటే మెడికల్ సామాన్ల షాపుల్లో మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ దొరుకుతుంది, కొనండి, లేదా అద్దెకు తెచ్చుకోండి. రోజూ వాడే గిన్నెలు, పప్పు డబ్బాలు నడుము ఎత్తులో ఉన్న అరలోకి మార్చండి. అల్లం వెల్లుల్లి ముద్ద, కారప్పొడులు ముందే చేసి పెట్టుకోండి. బట్టల విషయంలో ఒక మాట. చీర లంగా బొందు సరిగ్గా అడ్డకోత మీదికి వచ్చి ఒరుసుకుంటుంది. వదులు కాటన్ నైటీలు ఆరేడు తీసిపెట్టుకోండి, ముందు బటన్లు ఉన్నవైతే మంచిది.

ప్రభుత్వ ఉద్యోగం చేసే చెల్లెళ్లకు ఇంకో విషయం. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్థిక శాఖ ఇచ్చిన జీవో 52 ప్రకారం ఈ ఆపరేషన్‌కు 45 రోజుల స్పెషల్ క్యాజువల్ లీవు ఉంది. సివిల్ సర్జన్ సర్టిఫికెట్ కావాలి. హెడ్‌మాస్టర్‌కు తెలియకపోతే జీవో కాపీ మీరే తీసుకెళ్లండి. ప్రైవేటు స్కూళ్లలో చేసేవాళ్లకు, కూలికి పోయేవాళ్లకు ఈ లీవు లేదని నాకు చాలా బాధ. వాళ్లు ఎండాకాలం పనులు లేని నెలలు చూసుకుని, చేతిలో కొంచెం డబ్బు పెట్టుకుని డేటు తీసుకోవాలి. అర్జెంటు కాకపోతే వరినాట్లప్పుడు చేయించుకోకండి.

ఆసుపత్రికి బయల్దేరే ముందు రోజే మెట్టెలు, ముక్కుపుడక, గాజులు తీసేయండి. ఏళ్లుగా తీయని మెట్టెలు థియేటర్ ముందు తీయాలంటే వేలు వాస్తుంది, సబ్బు నీళ్లతో నిదానంగా ఇంట్లోనే తీసుకోండి. లోపల కరెంటు పరికరంతో రక్తనాళాలు మూస్తారు కాబట్టి ఒంటి మీద లోహం ఉండకూడదు. పుస్తెలు తీయడానికి మనసొప్పకపోతే పసుపుతాడు కట్టుకోండి, అభ్యంతరం ఉండదు. గోరింటాకు, నెయిల్ పాలిష్ వద్దు, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్‌కు అడ్డమొస్తాయి. కింద షేవింగ్ ఇంట్లో బ్లేడుతో చేసుకోవద్దు, సన్నటి గాట్ల నుంచే ఇన్ఫెక్షన్ వస్తుంది, అవసరమైతే అక్కడ వాళ్లే క్లిప్పర్‌తో చేస్తారు.

ఆపరేషన్ తర్వాత మెలకువ వచ్చేసరికి యూరిన్ పైపు, సెలైన్ ఉంటాయి. టెన్షన్ పడకండి, పైపు సాధారణంగా మర్నాడు తీస్తారు. నొప్పి మాత్ర టైముకు వేసుకోండి, ఓర్చుకుంటే గొప్పేమీ లేదు. నొప్పి ఉంటే నడవలేం, నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. పడుకున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. దగ్గు వస్తే దిండు పొట్టకు అదుముకుని దగ్గండి. లేచేటప్పుడు తిన్నగా లేవకుండా పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వదిలి, మోచేతి మీద బరువు వేసి లేవాలి. ల్యాప్రోస్కోపీ అయినవాళ్లకు భుజం నొప్పి వస్తుంది, అది లోపల నింపిన గ్యాస్ వల్ల, ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

ఇంటికి వచ్చాక పెద్ద పోరాటం పత్తెంతోనే. బాలింతకు పెట్టినట్టు వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం పెట్టి, పప్పు తింటే చీము పడుతుందని, నీళ్లు తాగితే కుట్లు నానతాయని అంటారు. ఆ మాటలు వినకండి. కుట్టు మానడానికి కావాల్సిందే మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, చికెన్, ఏది తినే అలవాటుంటే అది తినండి. జామ, బత్తాయి, ఆకుకూరలు తినండి. గుండెకో కిడ్నీకో జబ్బుండి డాక్టరు తగ్గించమంటే తప్ప నీళ్లు రెండు రెండున్నర లీటర్లు తాగాల్సిందే. నీళ్లు తగ్గితే మలబద్ధకం, ముక్కితే కుట్ల మీద ఒత్తిడి. డాక్టరు రాసిన విరేచన మందు సిగ్గుపడకుండా వాడండి. కుట్టు మీద పసుపు, కొబ్బరినూనె, పౌడరు ఏదీ రాయొద్దు. డాక్టరు స్నానం చేయమన్నాక నీళ్లు పోసుకుని మెత్తని బట్టతో అద్దితే చాలు. పొట్టకు బెల్టు కొందరు డాక్టర్లు చెబుతారు, కొందరు వద్దంటారు. మీ డాక్టరు మాటే వినండి.

రోజూ ఇంట్లోనే అయిదు నిమిషాల నడకతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. పగలు ఒకసారి తప్పకుండా నడుం వాల్చాలి. స్కూటీ ఆరు వారాల దాకా వద్దు, గతుకుల రోడ్డు మీద ఆటో కూడా తగ్గించండి.

గోధుమ రంగులో కొద్దిగా రక్తపు మరక కొన్ని వారాలు కనిపించడం మామూలే, లోపలి కుట్లు కరిగేటప్పుడు కాస్త ఎక్కువ కావచ్చు. కానీ గంటకో ప్యాడ్ తడిసేంత బ్లీడింగ్, 100.4 దాటిన జ్వరం, దుర్వాసనతో స్రావం, కుట్టు నుంచి చీము, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం, ఒక పిక్క వాచి నొప్పి, ఛాతీ నొప్పి, ఆయాసం వీటిలో ఏది వచ్చినా రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇంకొకటి ఉంది, ఆడవాళ్లు సిగ్గుతో దాచేది. తెలియకుండా మూత్రం నీళ్లలాగా కారుతూ బట్టలు తడుస్తుంటే అది బలహీనత కాదు. మూత్రాశయానికో, మూత్రనాళానికో గాయమై ఉండవచ్చు. ఒకటి రెండు వారాల తర్వాత కూడా మొదలవుతుంది. సరిచేసే వైద్యం ఉంది, వెంటనే చెప్పండి.

ఏడుపు వస్తుంది. కొందరికి కారణం లేకుండానే వస్తుంది. "ఇక ఆడదానివే కాదు" అని నోరు జారే చుట్టాలు ఉంటారు. చూడ్డానికి వచ్చేవాళ్లు తలా ఒక భయం కథ చెబుతారు. మొదటి పది రోజులు వాళ్లను తగ్గించమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. దిగులు రెండు వారాలు దాటి అలాగే ఉంటే డాక్టరుకు చెప్పాలి. భార్యాభర్తల కలయిక ఆరు నుంచి ఎనిమిది వారాలు, లోపల పరీక్ష చేసి డాక్టరు సరే అనేదాకా వద్దు. తొందరపడితే లోపలి కుట్లు విడిపోయే ప్రమాదం నిజంగా ఉంది. ఆ తర్వాత చాలామందికి మునుపటిలాగే ఉంటుంది, బ్లీడింగ్ భయం పోయి నయమే అంటారు. పొడిగా అనిపిస్తే జెల్ దొరుకుతుంది.

ఆరు వారాల చెకప్‌కు తప్పకుండా వెళ్లండి. అప్పటికల్లా గర్భసంచి బయాప్సీ రిపోర్టు వచ్చి ఉంటుంది, అడిగి తీసుకోండి, డాక్టరుతో చదివించుకోండి. డిశ్చార్జ్ సమ్మరీలో అండాశయాలు ఉంచారా తీశారా, ముఖద్వారం ఉందా అని స్పష్టంగా రాశారో లేదో చూడండి. ముఖద్వారం ఉంచితే పాప్ స్మియర్ మానకూడదు. మా ఊళ్లో పదేళ్ల కింద ఆపరేషన్ అయినవాళ్లను అడిగితే లోపల ఏమి ఉంచారో, ఏమి తీశారో వాళ్లకు తెలియదు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో, ఎముకల నొప్పులతో వెళ్తే డాక్టరు మొదట అడిగేది అదే. ఆ రెండు కాగితాలు జిరాక్స్ తీయించి ఒకటి ఆధార్ కార్డు దగ్గర, ఒకటి మీ కూతురి దగ్గరో చెల్లెలి దగ్గరో పెట్టండి. ఫోన్‌లో ఫోటో కూడా తీసుకోండి.