పొరుగు దేశంలోని అల్పసంఖ్యాకుల తరఫున వినతి రాయడం ఎలా?

కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లినందువల్లే బర్మా (నేటి మయన్మార్)లోని రంగూన్‌లో తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అనేవారు. 1930 మేలో అక్కడి రేవు కూలీలపై దాడులు జరిగాయి. 1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక వేలాది కుటుంబాలు తిరిగి వచ్చాయి. పరాయిగడ్డపై అల్పసంఖ్యాకుల బాధ ఏమిటో గోదావరి డెల్టాకు తెలుసు.

అలాంటి వార్త విన్నప్పుడు విదేశాంగ శాఖకు పంపే వినతిలో ముందుగా ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు చూశారు, ఏమి పోయింది అన్నవి రాయండి. ట్రంకుపెట్టె అడుగున మడతలు నలిగిన దుకాణం లైసెన్సు ఉంటే, దాని ముద్ర స్పష్టంగా కనబడే నకలు పది పేజీల ఆవేశం కంటే ఎక్కువ పనిచేస్తుంది. బాధితుల పేర్లను వారి అనుమతి లేకుండా ఎంతమాత్రం రాయకండి, ఎందుకంటే అక్కడే ఉండిపోయిన బంధువులపై కక్ష సాధించే ప్రమాదం ఉంది.

‘వారు మావాళ్లు’ అనడం కంటే ‘వారు ఆ దేశ పౌరులు’ అనడమే మేలని నా అభిప్రాయం. అల్పసంఖ్యాకుల ఉనికిని కాపాడే బాధ్యత వారు నివసించే రాజ్యానిదేనని 1992 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన చెబుతోంది, పైగా మొదటి మాట వారిని విదేశీ ఏజెంట్లుగా ముద్ర వేయడానికి అవకాశమిస్తుంది. 1950 ఏప్రిల్ 8 నాటి నెహ్రూ–లియాఖత్ ఒప్పందంలో భారత్, పాకిస్తాన్ రెండూ తమ తమ అల్పసంఖ్యాకులకు సమాన పౌరసత్వ హామీ ఇచ్చాయి కనుక, మన ఇంటి బాధ్యతనూ వినతిలో ఒప్పుకోండి.

రాయబార కార్యాలయం ద్వారా నిశ్శబ్ద సంప్రదింపులు, అవి ఫలించకపోతే ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలిలో ప్రస్తావన కోరండి. సరిహద్దు దిగ్బంధాన్ని మాత్రం కోరవద్దు. దాని దెబ్బ ముందు తగిలేది ఆ బలహీనులకే. నకలును మీ ఎంపీకి ఇచ్చి, లోక్‌సభలో ప్రశ్న వేయమని అడగండి.