స్థానిక దినపత్రిక వెబ్‌సైట్ లేఅవుట్: ఎలా చేయాలి?

చిన్న పత్రికకు వెబ్‌సైట్ చేయించేటప్పుడు చాలామంది ఒక పెద్ద జాతీయ పత్రిక హోమ్ పేజీ తెరిచి చూపించి, ఇలాగే కావాలంటారు. ఆ పేజీలో డజన్ల కొద్దీ వార్తలకు చోటుంటుంది. వాళ్ల డెస్కుకు ఆ స్థాయిలో వార్తలు వస్తాయి కాబట్టి అది సరిపోతుంది. మీకు రోజుకు పదో పదిహేనో వస్తాయి. మిగిలిన గళ్లలో మూడు రోజుల కిందటి వార్తలు అలాగే ఉండిపోతాయి. చూసినవాళ్లకు పత్రిక మూతపడిందేమో అనిపిస్తుంది. డిజైనర్‌ను పిలిచే ముందే ఒక లెక్క వేసుకోవాలి.

1. వార్తలు తక్కువ వచ్చే రోజును కొలతగా పెట్టుకోండి

ఎన్నికలు, పెద్ద ప్రమాదాలు ఏవీ లేని మామూలు వారం ఒకటి తీసుకుని, రోజుకు ఎన్ని సొంత వార్తలు వచ్చాయో రాసుకోండి. సెలవు రోజు సంఖ్య ఎలాగూ పడిపోతుంది. ఆ తక్కువ సంఖ్యే మీ హోమ్ పేజీకి కొలత. ఆ రోజు ఎనిమిది వార్తలే వస్తే, ఎనిమిదింటితోనే పేజీ నిండుగా కనిపించాలి. వార్తలు ఎక్కువైన రోజు గళ్లు పెంచుకోవడం తేలిక. లేని రోజు ఖాళీని దాచడమే కష్టం.

ఖాళీ కనబడకుండా ఏజెన్సీ వార్తలు పోసేస్తే పని జరుగుతుంది కదా అనుకోవచ్చు. కానీ దేశమంతా దొరికే ఆ వార్త కోసం మీ దగ్గరికి ఎవరూ రారు. పైగా మీ విలేకరి తిరిగి తెచ్చిన వార్త వాటి కింద పడి కనిపించదు.

మెనూకూ ఇదే కొలత. రాజకీయం, విద్య, ఆరోగ్యం, వ్యాపారం, వినోదం అంటూ వరస పెంచుకుంటూ పోకండి. వారానికి రెండు వార్తలైనా పడని విభాగానికి మెనూలో చోటు అక్కర్లేదు. స్థానిక పత్రికలో విషయాల వారీగా కన్నా ఊళ్ల వారీగా విడగొట్టడమే మేలు. పాఠకుడు ముందు వెతికేది తన ఊరి పేరు.

2. హోమ్ పేజీని పక్కన పెట్టి, వార్త పేజీతో మొదలుపెట్టండి

పాఠకుల్లో చాలామంది మీ హోమ్ పేజీ ముఖం చూడరు. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన లింకు పట్టుకునో, గూగుల్‌లో వెతికో నేరుగా ఒక వార్తలోకి దిగుతారు. అందుకే ప్రతి వార్త పేజీ దానికదే మొదటి పేజీలా పనిచేయాలి. ఇది ఏ పత్రిక, వార్త ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు రాశారు అన్న నాలుగు ప్రశ్నలకు వేలితో తెర జరపకుండానే జవాబు దొరకాలి.

పై నుంచి కిందికి వరస ఇలా పెట్టుకోండి. చిన్న సైజులో పత్రిక పేరు, దాని కింద ఊరి పేరు, తర్వాత శీర్షిక, ఒక వాక్యం ఉపశీర్షిక, బైలైన్ (రాసినవారి పేరు), తేదీ, సమయం, ఆపైన క్యాప్షన్‌తో ఫొటో. అక్కడి నుంచి వార్త మొదలవుతుంది. ఫొటో ఎంత బాగున్నా శీర్షిక కన్నా పైన పెట్టకండి. ఫోన్‌లో అది తెరంతా ఆక్రమించి, తాను వచ్చింది సరైన పేజీకేనా అని పాఠకుడు తడుముకునేలా చేస్తుంది.

అచ్చు పత్రికకూ వెబ్‌కూ అసలు తేడా శీర్షికలో తెలుస్తుంది. అచ్చులో ‘బస్సు బోల్తా, నలుగురికి గాయాలు’ అంటే చాలు. పేజీ మీద ప్రాంతం పేరుంటుంది, పైన తేదీ ఉంటుంది, పక్కనున్న వార్తలు కూడా సందర్భం చెబుతాయి. వెబ్‌లో ఆ శీర్షిక ఒంటరిగా వెళ్లి ఎవరి ఫోన్‌లోనో తేలుతుంది. ఏ ఊళ్లో, ఏ రోడ్డు మీద అన్నది శీర్షికలోనే ఉండాలి. అచ్చు శీర్షికను ఉన్నదున్నట్టు వెబ్‌కు ఎక్కించే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, వెబ్ శీర్షికకు విడిగా ఒక గడి పెట్టించండి. ఇంత మార్పుతో వచ్చే లాభం రంగులు మార్చినందువల్ల రాదు.

తేదీ విషయంలో మొండిగా ఉండండి. ‘2 గంటల క్రితం’ అన్న మాట స్క్రీన్‌షాట్‌లోకి వెళ్లాక ఏ రెండు గంటలో ఎవరికీ తెలియదు. రోజు, నెల, సంవత్సరం, సమయం పూర్తిగా రాయండి. వార్తలో మార్పు చేస్తే మొదట ప్రచురించిన సమయం చెరపకుండా, కిందనే సవరించిన సమయం ఇవ్వండి. తప్పు దిద్దితే ఏం దిద్దారో ఒక వాక్యంలో చెప్పండి. ఇవే రెండు సమయాలను, పేజీలోని వివరాలను యంత్రాలకు అర్థమయ్యేలా రాసే స్కీమా డాట్ ఆర్గ్ ‘న్యూస్ ఆర్టికల్’ పద్ధతిలో కోడ్‌లో కూడా పెట్టించాలి. సెర్చ్ ఇంజిన్లు దాన్ని కూడా చదువుతాయి.

పాత వార్తలు కొత్తవిగా చలామణీ కావడం స్థానిక పత్రికలకు పెద్ద తలనొప్పి. ఎప్పుడో వచ్చిన వరద వార్త ఈ ఏడాది మొదటి వాన పడగానే మళ్లీ గ్రూపుల్లో తిరుగుతుంది. బ్రిటన్ పత్రిక గార్డియన్ 2019లో దీనికో ఉపాయం చేసింది. పాత వార్తల పైన వాటి వయసు ప్రస్ఫుటంగా చూపించడంతో పాటు, లింకు పంచుకున్నప్పుడు కనిపించే బొమ్మ మీద కూడా సంవత్సరం వచ్చేలా మార్చింది. మీరూ ఏడాది దాటిన ప్రతి వార్త పైన ‘ఇది ఏడాది కిందటి వార్త’ అన్న పట్టీ దానంతట అదే వచ్చేలా చేయించుకోవచ్చు. డెవలపర్‌కు పెద్ద పనేమీ కాదు.

అభిప్రాయాల సంగతీ ఇంతే. అచ్చులో సంపాదకీయానికి సొంత పేజీ, సొంత అచ్చుతీరు ఉంటాయి కాబట్టి ఎవరూ పొరబడరు. వెబ్‌లో అది కూడా ఒక లింకే. శీర్షికకు ముందే ‘అభిప్రాయం’ అని రాయాలి. డబ్బు తీసుకుని వేసిన కథనమైతే ‘ప్రకటన’ అని స్పష్టంగా ఉండాలి. ‘భాగస్వామ్య కథనం’ లాంటి డొంకతిరుగుడు మాటలు వద్దు.

వార్త నిర్మాణం మార్చాల్సిన అవసరం లేదు. ముఖ్యమైనది ముందు, వివరాలు తర్వాత అన్న తలకిందుల పిరమిడ్ వెబ్‌కు ఇంకా బాగా నప్పుతుంది. వెబ్ వాడుక నిపుణుడు యాకబ్ నీల్సన్ 1997లో ప్రచురించిన పరిశీలనలో, కొత్త పేజీ ఎదురైతే 79 శాతం మంది పైపైన చూపు పారించారు తప్ప పదం పదం చదవలేదు. ఆయన సంస్థే 2006లో 232 మంది చూపు కదలికలను గమనిస్తే, అది ఇంగ్లిష్ అక్షరం ఎఫ్ ఆకారంలో సాగింది. పైన అడ్డంగా ఒకసారి, కాస్త దిగి ఇంకోసారి, ఆ తర్వాత ఎడమ అంచు వెంట కిందికి. కాబట్టి పేరాలు చిన్నవిగా ఉండాలి, ప్రతి పేరా మొదటి రెండు మూడు మాటల్లోనే సరుకుండాలి.

వార్త చివర ‘ఇవీ చదవండి’ కింద మూడు లింకులు చాలు. అవి అదే ఊరివో, అదే విషయానికి ముందు జరిగినవో కావాలి.

3. మాస్ట్‌హెడ్ (పైన పత్రిక పేరుండే చోటు) చిన్నది చేయండి

పత్రిక పేరు రాసే తీరు మీ ఆస్తి, మార్చకండి. సైజు మాత్రం తగ్గించండి. ఫోన్‌లో పై పట్టీ 60 పిక్సెళ్లు దాటితే చదివే చోటు తగ్గిపోతుంది. తెర జరిపినా అంటిపెట్టుకుని ఉండే పట్టీ అయితే మరీనూ. పేరు మీద నొక్కితే హోమ్ పేజీకి వెళ్లాలి. అచ్చులో పేరుకు అటూ ఇటూ ఉండే చిన్న పెట్టెల్లో వేసే తేదీ, వాతావరణం, ఈ-పేపర్ లింకు లాంటివి ఇక్కడ ఒక సన్నని వరసలో సర్దవచ్చు.

మెనూ అంతా మూడు గీతల బటన్ వెనక దాచేస్తే దాన్ని నొక్కేవాళ్లు తక్కువ. నాలుగైదు ముఖ్యమైన లింకులు పైకే కనబడాలి, మిగతావి లోపల ఉన్నా పర్వాలేదు.

టీవీలోలా పరుగెత్తే స్క్రోలింగ్ పట్టీ కావాలని యజమానులు పట్టుబడుతుంటారు. దానంతట అదే కదులుతూ 5 సెకన్లు దాటే దేన్నైనా ఆపే వీలుండాలని వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూసీఏజీ చెబుతోంది. నన్నడిగితే ఆపే బటన్ పెట్టడం కన్నా పట్టీనే తీసేయడం మంచిది. ఎర్రటి ‘బ్రేకింగ్’ ముద్రకు గడువు పెట్టండి. కొన్ని గంటల తర్వాత దానంతట అదే పోవాలి.

4. హోమ్ పేజీలో వరస మీ చేతిలో ఉండాలి

అచ్చు పేజీలో ప్రాధాన్యం సైజులో తెలుస్తుంది. పతాక శీర్షిక, రెండు కాలమ్‌ల వార్త, మూలన సింగిల్ కాలమ్. ఫోన్‌లో ఉండేది ఒక్కటే కాలమ్. అక్కడ ప్రాధాన్యం చెప్పడానికి మిగిలేది వరస మాత్రమే. చాలా రెడీమేడ్ థీమ్‌లు ఆ వరసను గడియారానికి అప్పగిస్తాయి, చివర వచ్చింది మొదట ఉంటుంది. పొద్దున పడ్డ పెద్ద పరిశోధన కథనం మధ్యాహ్నానికి నాలుగు ప్రెస్ నోట్ల కిందకు జారిపోతుంది.

అందుకే పేజీని రెండుగా చేయండి. పైభాగంలో ఒక లీడ్ (ప్రధాన వార్త), దాని కింద నాలుగైదు వార్తలు. ఇవి సబ్ ఎడిటర్ చేత్తో పెట్టినవి. కింద ‘తాజా’ పేరుతో సమయం వరస. నీళ్ల సరఫరా, కరెంటు కోతలు, మరణ వార్తలు, కార్యక్రమాలు లాంటి నిత్యావసర సమాచారానికి ఎప్పుడూ మారని ఒక చోటివ్వండి. రోజూ వచ్చేవాళ్లు దానికోసమే వస్తారు. ఒకదాని తర్వాత ఒకటి జారే స్లైడ్‌షో జోలికి పోవద్దు, రెండో బొమ్మ దాకా ఆగేవాళ్లు తక్కువ. అంతులేకుండా సాగే పేజీ కూడా వద్దు. అడుగున ఉండాల్సిన చిరునామా, సంపాదకుడి పేరు, ఫిర్యాదుల లింకు అప్పుడు ఎవరికీ చిక్కవు.

గీయడం 360 పిక్సెళ్ల వెడల్పుతో మొదలుపెట్టి కంప్యూటర్ తెర వైపు వెళ్లండి. తెరను బట్టి ఒదిగే ఈ పద్ధతికి వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లో ‘రెస్పాన్సివ్’ అని పేరు పెట్టారు. పెద్ద తెర మీదైనా మూడు కాలమ్‌లు దాటకండి.

5. అక్షరం

తెలుగులో నడిపే సైట్ అయితే ఇంగ్లిష్ థీమ్ కొలతలు పనికిరావు. గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి కాబట్టి వరసల మధ్య ఎడం అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్లు ఉంచండి. వార్త అక్షరం 18 పిక్సెళ్లకు తగ్గకూడదు. రెండు అంచులూ సమంగా ఉండాలని పట్టుబడితే మన పొడుగు మాటల వల్ల మధ్యలో గుంతలు పడతాయి. ఎడమ అంచుకే సర్దండి. నోటో సాన్స్ తెలుగు, వార్తల కోసమే చేసిన మండలి ఉచితంగా దొరుకుతాయి. శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది. రెండు ఫాంట్లు మించొద్దు. పాత నాన్-యూనికోడ్ ఫాంట్‌లో దాచిన వార్తలుంటే, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి యూనికోడ్‌లోకి మార్పించండి, లేకపోతే ఏ సెర్చ్‌లోనూ అవి దొరకవు.

లేత బూడిద రంగు అక్షరాలు డిజైనర్లకు ఇష్టం, ఎండలో ఫోన్ పట్టుకున్నవాళ్లకు కాదు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి. దాన్ని కొలిచే ఉచిత టూల్స్ ఉన్నాయి.

6. ఫొటోలు, వేగం

విలేకరి ఫోన్ నుంచి వచ్చిన ఫొటోను అలాగే ఎక్కించకండి. 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, తక్కువ సైజులో ఒదిగే వెబ్‌పీ ఫైలు రూపంలో పెట్టండి. కింద ఉండే ఫొటోలు పాఠకుడు అక్కడికి చేరాక లోడ్ అయితే చాలు, లీడ్ ఫొటో మాత్రం వెంటనే రావాలి. ప్రతి ఫొటో కొలతలు కోడ్‌లో ముందే ఉంటే చదువుతున్న వాక్యం ఉన్నట్టుండి కిందికి దూకదు. గూగుల్ పెట్టిన కొలతలు ఇవి: పేజీలో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందించాలి, లోడ్ అవుతూ పేజీ ఎంత కదిలిందో చెప్పే కుదుపు స్కోరు 0.1 దాటకూడదు. లింకు పంచుకున్నప్పుడు కనిపించే బొమ్మకు 1200×630 సైజు సరిపోతుంది.

7. ప్రకటనల చోటు ముందే గీయండి

లేఅవుట్ పూర్తయ్యాక ప్రకటనలు ఇరికిస్తే అది చీలికలు పేలికలవుతుంది. 300×250, 320×50, 728×90 పిక్సెళ్ల సైజులకు మొదటి రోజే గళ్లు కేటాయించండి. ప్రకటన రాకపోయినా ఆ చోటు అలాగే ఉంటే పేజీ కదలదు. ఫోన్‌లో ప్రకటనల ఎత్తు వార్త ఎత్తులో 30 శాతం దాటితే పాఠకులు భరించరని ప్రకటనల రంగ సంస్థల కూటమి కొయలిషన్ ఫర్ బెటర్ యాడ్స్ ప్రమాణం. పాపప్‌లు, చప్పుడుతో మొదలయ్యే వీడియోలు కూడా ఆ నిషిద్ధ జాబితాలోనే ఉన్నాయి. వార్తను కప్పేసే పాపప్‌లు పెట్టిన పేజీలను సెర్చ్ ఫలితాల్లో కిందికి నెట్టడం గూగుల్ 2017 జనవరిలో మొదలుపెట్టింది. స్థానిక వ్యాపారుల ప్రకటనలను, క్లాసిఫైడ్స్‌ను ఒక విడి పేజీలో అక్షరాల రూపంలో ఇవ్వండి. అవి పాఠకుడు వెతుక్కుని చదివేవే.

8. పాత లింకులు బతికించండి

కొత్త డిజైన్‌కు మారేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. వార్తల చిరునామాలు మారిపోయి, ఇన్నేళ్లుగా ఇతరులు ఇచ్చిన లింకులన్నీ ‘పేజీ దొరకలేదు’ అంటాయి. వీలైతే పాత చిరునామాలే ఉంచండి. మార్చక తప్పకపోతే ప్రతి పాత చిరునామా నుంచి అదే వార్త కొత్త చిరునామాకు 301 మళ్లింపు (శాశ్వత మళ్లింపు) పెట్టించండి. అన్నిటినీ గంపగుత్తగా హోమ్ పేజీకి మళ్లిస్తే లాభం లేదు. పాత సైట్‌లో ఎక్కువమంది చూసిన వంద వార్తల జాబితా తీసి, విడుదలకు ముందు ఒక్కొక్కటీ చవక ఫోన్‌లో, మొబైల్ డేటా మీద తెరిచి చూడండి. విడుదలైన వారం రోజులూ సర్వర్‌లో 404 లాగ్ (‘పేజీ దొరకలేదు’ అని వచ్చిన లింకుల చిట్టా) తీసి, ఏ లింకులు ఎక్కువగా తప్పుతున్నాయో వాటిని ముందు సరిచేయించండి.