ఇంటి రక్షణకు షాట్‌గనా, రైఫిలా: ఎలా ఎంచుకోవాలి?

ఇంటి రక్షణకు తుపాకీ కొనాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది ఏది శక్తిమంతమైనదని. ఆ ప్రశ్నతో పెద్దగా ప్రయోజనం లేదు. గదికి ఆ చివరి నుంచి ఈ చివరికి అయిదారు మీటర్లుంటుంది. అంత దగ్గరలో షాట్‌గన్ అయినా, రైఫిల్ అయినా ప్రాణం తీయగలవు. తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి: ఈ ఇంట్లో దాన్ని పట్టుకునేది ఎవరు, గురి తప్పిన తూటా ఎటు వెళుతుంది. ఈ రెండింటికీ నిజాయతీగా జవాబు చెప్పుకుంటే ఏ తుపాకీ కావాలో చాలావరకు తెలిసిపోతుంది.

1. ముందు చట్టం చూడండి

మీరు నివసించే చోట ఈ రెండింటిలో ఏది అనుమతిస్తారు, లైసెన్సుకు ఏం కావాలి, గొట్టం పొడవుకూ మ్యాగజైన్ (తూటాలు నింపే అర) సామర్థ్యానికీ పరిమితులున్నాయా అన్నది కనుక్కోండి. ఆత్మరక్షణకు కాల్పులు ఎప్పుడు చట్టబద్ధమో కూడా అప్పుడే తెలుసుకోవాలి. కొన్ని చోట్ల ఒక రకానికే అనుమతి ఉండవచ్చు. అలాంటప్పుడు ఎంపిక ఇక్కడే ముగుస్తుంది.

2. తూటా వెళ్లే దారి గీసుకోండి

ఒక కాగితంపై ఇంటి పటం గీయండి. పిల్లలు ఎక్కడ పడుకుంటారు, పెద్దవాళ్లు ఎక్కడ ఉంటారు, పక్కింటి గోడ ఎటువైపు ఉంది, అన్నీ గుర్తించండి. మీరు ఏ మూలన నిలబడతారో, అక్కడి నుంచి ఏ దిశలో కాలిస్తే ఇంట్లోవాళ్లకు ప్రమాదం ఉండదో చూడండి. తుపాకీ రకం కంటే ఈ పటమే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని నా గట్టి నమ్మకం.

రైఫిల్ తూటా గోడలన్నీ చీల్చుకుని పోతుందని, షాట్‌గన్ గుళ్లు మాత్రం ఆగిపోతాయని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఇంటి రక్షణకు వాడే డబుల్ జీరో బక్‌షాట్‌లో (షాట్‌గన్‌కు వాడే పెద్ద గుళ్ల తూటా) ఒక్కో తూటాకు సాధారణంగా ఎనిమిది లేదా తొమ్మిది సీసపు గుళ్లుంటాయి. ఒక్కొక్కటి 8.4 మిల్లీమీటర్ల మందం, వేగం సెకనుకు దాదాపు 400 మీటర్లు. పలుచని జిప్సం గోడలను అవి సులువుగా దాటుతాయి. 5.56 (మిల్లీమీటర్లలో తూటా కొలత) రైఫిల్ తూటా సెకనుకు 900 మీటర్ల వేగంతో వెళ్లినా, బరువు నాలుగు గ్రాములే. తేలికగా, వేగంగా ఉండడం వల్ల అది దేన్నైనా తాకగానే తిరగబడి, ముక్కలయ్యే అవకాశం ఎక్కువ. అందుకే విచ్చుకునే రకం తేలికపాటి తూటా వాడితే, వరుస గోడల్లో అది బక్‌షాట్ కంటే ముందే బలం కోల్పోవచ్చు. సైన్యంలో వాడే గట్టి మొన ఉన్న తూటాలకూ, వేటకు వాడే పెద్ద కొలత తూటాలకూ ఇది వర్తించదు. తుపాకీ కంటే తూటా ఎంపిక ముఖ్యమయ్యేది ఇక్కడే.

గోడ దాటకూడదని పిట్టల వేటకు వాడే సన్నని గుళ్ల తూటా, బర్డ్‌షాట్, వాడేవారున్నారు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, కండరానికి దీటుగా ఉండే జెల్ దిమ్మెలో కనీసం 12 అంగుళాలు, అంటే సుమారు 30 సెంటీమీటర్లు చొచ్చుకుపోయే తూటానే చాలినదిగా చూస్తుంది. సన్నని గుళ్లు సాధారణంగా అంత లోతుకు వెళ్లవు. దాడి చేసేవాడిని నమ్మకంగా ఆపుతూ, పలుచని గోడ దగ్గర తానూ ఆగిపోయే తూటా అంటూ లేదు.

3. షాట్‌గన్‌కూ గురి కావాలి

గుళ్లు గదంతా చెదిరిపోతాయి కాబట్టి గురి అక్కర్లేదన్న మాట ప్రమాదకరం. మామూలు గొట్టం నుంచి గుళ్లు మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల చొప్పున విచ్చుకుంటాయని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. అయిదు మీటర్ల దూరంలో అది దాదాపు పన్నెండున్నర సెంటీమీటర్లే. కొన్ని తూటాలతో ఇంకా తక్కువ. దూరం పెరిగితే అంచుల్లోని గుళ్లు తప్పిపోతాయి. తప్పిన ప్రతి గుండుకూ మీదే బాధ్యత. రైఫిల్‌తో ఒక్కసారి కాలిస్తే లెక్క చెప్పుకోవలసింది ఒక్క తూటాకే.

4. పట్టుకునేవారిని చూడండి

12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నబడుతుంది) షాట్‌గన్ భుజాన్ని గట్టిగా తంతుంది. అదే బరువున్న 5.56 రైఫిల్‌తో పోలిస్తే ఆ తాకిడి చాలా రెట్లు ఎక్కువ. రెండో గుండు వేయాలంటే మళ్లీ గురి కుదుర్చుకోవడానికి సమయం పడుతుంది. పంపు రకం షాట్‌గన్‌లో ముందుపిడిని పూర్తిగా వెనక్కి లాగి, పూర్తిగా ముందుకు నెట్టాలి. భయంలో అది సగంలో ఆగిపోతే తూటా ఎక్కదు. పొట్టిగా ఉన్నవారికి, చేతి బలం తక్కువ ఉన్నవారికి బట్ (భుజానికి ఆనించే వెనుక భాగం) పొడవు కూడా అడ్డమే. చాలా రైఫిళ్లలో దాన్ని సర్దుకోవచ్చు.

అందుకే ఇంట్లో ఒకరికంటే ఎక్కువమంది వాడవలసి వస్తే, అందరిలో తక్కువ బలం ఉన్నవారికి సరిపోయేదే కొనండి. నా సలహా చాలా ఇళ్లకు తేలికపాటి 5.56 రైఫిల్. వేట ద్వారా షాట్‌గన్‌కు అలవాటు పడినవారు దాన్నే కొనసాగించవచ్చు. 12 గేజ్ భారమనిపిస్తే 20 గేజ్ లేదా తాకిడి తగ్గించిన తూటాలు ఉన్నాయి. కొనేముందు శిక్షకుడి సమక్షంలో రెండింటితోనూ కాల్చి చూడండి. దుకాణంలో చేతిలోకి తీసుకుని చూస్తే ఏమీ తెలియదు.

5. దాచడం, వెలుగు, చెవులు

ఇంట్లో ఎవరైనా తీవ్రమైన మనోవేదనలో ఉంటే, ఆత్మహత్య ఆలోచనలు చేస్తుంటే, ఏ తుపాకీ తీసుకురావద్దు. ఉన్నది కూడా బయట సురక్షితమైన చోట పెట్టండి.

మిగతా ఇళ్లలో, త్వరగా తెరుచుకునే తాళపు పెట్టెలో తుపాకీ ఉండాలి. పిల్లలకు అది ఎంతమాత్రం అందకూడదు. తుపాకీ గొట్టం వెనుక చివర తూటా ఎక్కే అరలో (ఛాంబర్) తూటా ఉంచవద్దు. చాలా షాట్‌గన్లలో సేఫ్టీ ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది. అలాంటిది కిందపడితే తూటా పేలిపోవచ్చు.

తుపాకీకి టార్చిలైటు బిగించడం మంచిదే. అయితే మనిషిని గుర్తుపట్టడానికి వేరే టార్చి కూడా దగ్గరుండాలి. బిగించిన లైటుతో వెతికితే తుపాకీ గొట్టం కూడా ఎదుటివారి వైపే తిరుగుతుంది. ఆ చీకట్లో ఉన్నది ఆలస్యంగా ఇల్లు చేరిన మీ అబ్బాయి కావచ్చు.

గదిలో ఒక్కసారి కాల్చినా శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, వినికిడి దెబ్బతింటుంది. పొట్టి గొట్టపు రైఫిల్ మరీ కఠినం. పెట్టె పక్కనే చెవులకు పెట్టుకునే రక్షణ ఉంచుకోండి.

6. కొన్న తర్వాత

మీరు ఇంట్లో ఉంచబోయే తూటాలతోనే శిక్షణ కేంద్రంలో కాల్చండి. షాట్‌గన్ అయితే మీ ఇంట్లో అతి పొడవైన దూరాన్ని కొలిచి, అదే దూరంలో కాగితంపై కాల్చి గుళ్లు ఎంత విచ్చుకున్నాయో రాసుకోండి. తూటాల బ్రాండ్ మారితే మళ్లీ పరీక్షించాలి. రైఫిల్ అయితే, గురిచూసే పరికరం గొట్టానికి కొన్ని సెంటీమీటర్ల పైన ఉంటుంది కనుక, దగ్గరి దూరంలో తూటా గురి పెట్టిన చోటుకు కిందుగా తగులుతుంది. ఎంత కిందుగా తగులుతోందో మూడు మీటర్ల దూరంలో కాల్చి చూసుకోండి.