ఇంటి లోను టేకోవర్ – 3వ పాఠం: ఆఫరు రేటు అయిపోయాక

టేకోవర్ అంటే ఒక బ్యాంకులో ఉన్న లోను బాకీని ఇంకో బ్యాంకుకు మార్చుకోవడం. గత పాఠంలో శాంక్షన్ లెటరు (లోను మంజూరు కాగితం) తిరగేసి, ఆఫరు రేటు (మొదట్లో కొంతకాలమే ఇచ్చే తక్కువ వడ్డీ) ఏ తేదీతో ఆగుతుందో గుర్తు పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ తేదీ దగ్గర వేయాల్సిన లెక్క.

ముందు పాత బ్యాంకునే అడగండి. కొత్త ఖాతాదారులకు ఇస్తున్న రేటు మీకూ ఇమ్మని కాగితం మీద అర్జీ పెడితే, కన్వర్షన్ ఫీజు కట్టించుకుని తగ్గించే బ్యాంకులు చాలానే ఉన్నాయి. కాదంటేనే పక్క బ్యాంకు గడప తొక్కాలి.

భీమవరంలో ఒక ఇంటి మీద 25 లక్షల బాకీ, 15 ఏళ్ల గడువు మిగిలాయి అనుకుందాం. ఆఫరు పోయి రేటు 9.5 శాతానికి చేరితే ఈఎంఐ 26,106 రూపాయలు. 8.5 శాతానికి మారితే 24,619. నెలకు మిగిలేది 1,487. ప్రాసెసింగ్ ఫీజు, లాయరు, వాల్యుయేషన్, దస్తావేజుల తాకట్టుకు స్టాంపు ఖర్చు అన్నీ కలిపి 35,000 అయితే, అది తిరిగి రావడానికి రెండేళ్లు. ఆ తర్వాతిదే అసలు లాభం. అదే 6 లక్షలు, 4 ఏళ్లే మిగిలితే నెలకు మిగిలేది 285. మొత్తం గడువుకు 14,000 కూడా రాదు. అలాంటప్పుడు కదలకపోవడమే మేలు.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడ: కొత్త బ్యాంకు ఏజెంటు "ఈఎంఐ 21,696కే దిగుతుందండీ" అంటాడు. నిజమే, గడువును మళ్లీ 20 ఏళ్లకు సాగదీశాడు కాబట్టి. పాత రేటులో 15 ఏళ్లకు కట్టేది సుమారు 47 లక్షలు. ఇతని లెక్కలో 52 లక్షలు. వడ్డీ ఒక శాతం తగ్గించుకుని 5 లక్షలు ఎక్కువ కట్టినట్టు! అందుకే మిగిలిన నెలలు రెండు వైపులా ఒకటే పెట్టి పోల్చండి.

తేదీ విషయం. వ్యక్తుల ఫ్లోటింగ్ (మారుతూ ఉండే వడ్డీ) ఇంటి లోను ముందే తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. ఆఫరు కాలంలో రేటు ఫిక్స్‌డ్ (మారనిది) అయితే మాత్రం జరిమానా పడొచ్చు. కాబట్టి ఫోర్‌క్లోజర్ లెటరు (లోను మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం) ఫ్లోటింగ్ మొదలైన తర్వాతి తేదీకి అడగండి. పాత లోను మూసినట్టు కాగితం చేతికొచ్చేదాకా పాత ఈఎంఐ మాండేటు (ఖాతాలోంచి వాయిదా తీసుకోమని ఇచ్చిన అనుమతి) రద్దు చేయొద్దు. ఈలోగా ఒక్క వాయిదా తప్పినా సిబిల్ స్కోరు (అప్పులు తీర్చే తీరుకు వేసే మార్కులు) దెబ్బతింటుంది.

కోనసీమ వైపు రెండు చిక్కులు ఎక్కువ. గ్రామకంఠం (ఊళ్లో ఇళ్లుండే భూమి) స్థలాలకు చాలాసార్లు లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల నుంచి వరుసగా వచ్చిన దస్తావేజులు) ఉండవు. ఒక బ్యాంకు ఒప్పుకున్నదాన్ని ఇంకో బ్యాంకు లాయరు తిప్పి పంపొచ్చు. ఫీజు కట్టక ముందే జిరాక్సులు చూపించి లాయరు మాట తెలుసుకోండి. రెండోది, లోనులో పేరున్న కొడుకు కువైట్‌లో ఉండటం. అతని బదులు ఇక్కడివాళ్లు సంతకం పెట్టేందుకు, అక్కడి భారత ఎంబసీలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ (అధికార పత్రం) ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటితే చిక్కే.

వచ్చే పాఠానికి ముందు మీ లోను స్టేట్‌మెంటు, ఇంటి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితం) తెచ్చుకుని పక్కన పెట్టుకోండి. ఈసీలో పాత తాకట్టు రద్దు ఎలా ఎక్కించాలో అప్పుడు చూద్దాం.