గోడ కాంక్రీటుకు టై రాడ్లు ఎలా బిగించాలి?

సెల్లార్ గోడకు షట్టరింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా రెండు వైపులా పట్టి ఉంచే ప్లైవుడ్ పలకలు, అంటే షట్టర్లు) కట్టాక అందరూ ప్లైవుడ్ బాగుందా లేదా అనే చూస్తారు. కానీ కాంక్రీటు వేసే రోజు గోడను నిలబెట్టేవి రెండు షట్టర్ల మధ్య అడ్డంగా దూర్చిన టై రాడ్లు.

తడి కాంక్రీటు నీళ్లలాగే పక్కలకు తోస్తుంది. ఘనపు మీటరుకు బరువు సుమారు 2,400 కిలోలు. 3 మీటర్ల గోడను గబగబా నింపేస్తే అడుగున చదరపు మీటరుకు 7 టన్నులు దాటుతుంది. టైలు అన్ని వైపులా 60 సెంటీమీటర్ల ఎడంలో ఉంటే, కింది వరసలో ఒక్కో రాడ్డు మీద సుమారు రెండున్నర టన్నుల లాగుడు పడుతుంది. ఈ షట్టర్ ఇటు, ఆ షట్టర్ అటు పోబోతే, రాడ్డు రెండింటినీ పట్టి ఉంచుతుంది. సన్న గోడే కదా అని టైలు తగ్గించేవాళ్లను చూస్తే నాకు భయం. ఈ ఒత్తిడి కాంక్రీటు ఎత్తును బట్టి వస్తుంది. గోడ 15 సెంటీమీటర్లయినా 30 అయినా ఒకటే.

1. సప్లయర్ ఇచ్చిన సేఫ్ లోడ్ (ఒక్కో టై భద్రంగా తట్టుకునే లాగుడు) చూసి, ఇంజనీరుతో టైల ఎడం లెక్క వేయించండి. కింద దగ్గర దగ్గరగా ఉండాలి. టై రాడ్డు బదులు బైండింగ్ వైరు వద్దే వద్దు, అది సాగుతుంది.

2. రెండు వైపుల రంధ్రాలు సరిగ్గా ఎదురెదురుగా వేయండి.

3. ఒక వైపు షట్టర్ నిలిపి, స్టీలు కట్టి, స్టీలు షట్టర్‌కు తగలకుండా కవర్ బ్లాకులు పెట్టాక స్లీవ్, అంటే రాడ్డు దూరే పీవీసీ పైపు పెట్టాలి. రెండు చివర్ల కోన్లతో (షట్టర్‌కు ఆనే మూతల్లాంటి ముక్కలతో) కలిపి ఈ పైపు పొడవు గోడ మందానికి సమానంగా ఉండాలి. నట్టు బిగించినప్పుడు షట్టర్లు లోపలికి రాకుండా ఇదే ఆపుతుంది, తర్వాత రాడ్డు బయటికి రావడానికీ పనికొస్తుంది. నీళ్ల సంపు గోడకైతే ఈ పైపు పద్ధతి వద్దు, లీకేజీకి అదే దారి. మధ్యలో నీటిని ఆపే అడ్డు (వాటర్ స్టాప్) ఉండి, గోడలోనే మిగిలిపోయే టైలు వాడండి.

4. రెండో వైపు మూసి, షట్టర్ బయట ఆనించిన జంట పైపుల మీద ప్లేటు వేసి వింగ్ నట్టు (రెక్కలున్న నట్టు) బిగించండి. నట్టు నేరుగా ప్లైవుడ్ మీద కూర్చుంటే అందులోకి దిగిపోతుంది. స్లీవ్ గట్టిగా ఆనాక ఇంకా తిప్పితే పైపు నలిగి గోడ సన్నబడుతుంది.

5. గుండు వేసి నిలువు చూసి, పక్క సపోర్టులు బిగించండి. టైలు గోడ ఉబ్బకుండా చూస్తాయి, మొత్తం షట్టర్ ఒరిగిపోకుండా ఆపలేవు.

6. కాంక్రీటును ఒకే చోట కుమ్మరించకుండా, గోడ పొడవునా 45 సెంటీమీటర్ల పొరలుగా వేయండి. వైబ్రేటర్ కింది పొరలోకి కొద్దిగా దిగితే చాలు. మరీ లోతుకు దించితే గట్టిపడుతున్న కాంక్రీటు మళ్లీ కదిలి ఒత్తిడి పెరుగుతుంది. నట్టులు చూడటానికే ఒక మనిషిని పెట్టండి. ప్లైవుడ్ ఉబ్బినా, నట్టు వదులైనా వెంటనే పని ఆపించాలి.

7. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం గోడ షట్టర్లు విప్పడానికి 16 నుంచి 24 గంటలు ఆగాలి, చలికాలంలో ఇంకా ఎక్కువ. రాడ్లు తీశాక కోన్లు తీసి, ఆ రంధ్రాలను రెండు వైపుల నుంచీ ఆరాక కుంచించుకుపోని నాన్‌ష్రింక్ గ్రౌట్‌తో నింపండి.