ఫోటో సాగింది, మనుషులు సాగలేదు

బాబాయి గారమ్మాయి పెళ్లికి 8 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ కావాలి. ఉన్నదేమో దిండిలో వశిష్ఠ గోదావరి ఒడ్డున తీయించిన ప్రీ వెడ్డింగ్ ఫోటో, 6×4 కొలతది. షాపువాళ్లు అటూ ఇటూ లాగేసరికి చెల్లి ముఖం బూరెలా ఉబ్బింది. పైనా కిందా కత్తిరిస్తే కొబ్బరాకులు పోతాయి. కోనసీమ ఫోటోకి ఇంకేం మిగులుతుంది!

ఫోటోషాప్ ఎడిట్ మెనూలో కంటెంట్ అవేర్ స్కేల్ ఉంది. 2008లో సీఎస్4 అనే వెర్షన్‌తో వచ్చింది. మామూలు స్కేల్ అన్నిటినీ ఒకేలా లాగుతుంది. ఇది నీళ్లు, ఆకాశం లాంటి వివరాలు తక్కువున్న చోట్లే సన్నటి పిక్సెల్ గీతలు చేరుస్తుంది.

ఫోటో తెరవగానే ఉండే బ్యాక్‌గ్రౌండ్ లేయర్ (అడుగు పొర) మీద డబుల్ క్లిక్ చేసి మామూలు లేయర్‌గా మార్చాలి, లేకపోతే ఆ ఆప్షన్ పనిచేయదు. కాన్వాస్, అంటే బొమ్మ పరుచుకునే జాగా, వెడల్పు పెంచాను. అసలు కిటుకు తర్వాతది: జంట చుట్టూ లాసో అనే ఎంపిక టూల్‌తో గీసి, ఆ ఎంపికను సేవ్ సెలెక్షన్‌తో ఛానెల్‌గా (ఎంచిన భాగాన్ని గుర్తుంచుకునే పొరగా) దాచి, డీసెలెక్ట్ చేశాను. కంటెంట్ అవేర్ స్కేల్ తెరిచాక పైన ప్రొటెక్ట్ దగ్గర ఆ ఛానెల్ ఎంచుకుని పక్క హ్యాండిల్ లాగితే నీళ్లే సాగాయి. చర్మం రంగును కాపాడే మనిషి బొమ్మ బటన్ కూడా ఉంది గానీ, పట్టుచీర సంగతి దానికి పట్టదు.

వెనకున్న కొబ్బరిచెట్టు మాత్రం వంకర తిరిగింది. దాన్నీ ఛానెల్‌లో కలిపి మళ్లీ లాగితే నిటారుగా నిలబడింది.