ప్రవక్త హెచ్చరికను ఎలా వినాలి? యిర్మీయా గ్రంథంతో మొదలుపెట్టండి

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక మన తెలుగు సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. వాటిలో తరచూ కనిపించే వచనం యిర్మీయా 29:11: మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అనే దేవుని మాట. నాకూ అది ప్రియమైన మాటే. కానీ అది బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలోనే డెబ్బై ఏళ్ల గడువు ఉంది. వాళ్లు అక్కడిదాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో 25వ అధ్యాయం చెబుతుంది: ఇరవై మూడేళ్లుగా పెందలకడ లేచి చెబుతున్నాను, మీరు వినలేదు అంటాడు యిర్మీయా. వాగ్దానాన్ని గోడకు తగిలించుకున్నంత సులువుగా హెచ్చరికను ఎవరూ తగిలించుకోరు. దాన్ని వినడం నేర్చుకోవాలి. ఎలాగో చూద్దాం.

1. ముందు రాజుల వరుస తెలుసుకోండి

యిర్మీయా గ్రంథం కాలక్రమంలో లేదు. 34వ అధ్యాయంలో సిద్కియా కనిపిస్తాడు, 36లో అతనికంటే ముందు ఏలిన యెహోయాకీము వస్తాడు. మొదటి అధ్యాయం నుంచి వరుసగా చదివి తికమకపడి మానేసినవాళ్లు చాలామంది. కాబట్టి ముందు 2 రాజులు 22 నుంచి 25 వరకు చదవండి. యోషీయా, యెహోయాకీము, సిద్కియా అని ముఖ్యమైన యూదా రాజుల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. యెహోయాకీము కాలానికి యిర్మీయా 26, 36 చదవండి. సిద్కియా కాలానికి 28, 34, 37, 38. యెరూషలేము కూలిన తర్వాతి సంగతికి 42, 43. యోషీయా సంస్కరణ క్రీ.పూ. 622 ప్రాంతంలో జరిగింది, నగరం క్రీ.పూ. 586 ప్రాంతంలో పడిపోయింది. ఈ కథంతా ఒక్క మనిషి జీవితకాలంలో ముగిసిపోయింది.

2. ఏ పని మీద కోపమో గీత గీయండి

పెన్సిలు తీసుకుని 7వ అధ్యాయం చదవండి. యిర్మీయా మందిరపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జనం ‘ఇది యెహోవా ఆలయం’ అని ముమ్మారు చెప్పుకుంటూ ధైర్యంగా ఉన్నారు. ఆయన ఎత్తి చూపినవి ఏవి? పరదేశిని, తండ్రిలేని బిడ్డను, విధవరాలిని బాధపెట్టడం, నిరపరాధి రక్తం చిందించడం, దొంగతనం, అబద్ధసాక్ష్యం, అన్యదేవతల వెంట పోవడం. ప్రతిదాని కింద గీత గీయండి.

గీత గీసేటప్పుడు పక్కింటివాళ్ల పేరు, పక్క సంఘం పేరు మనసులోకి వస్తాయి. వాటిని రానివ్వకండి. దావీదు రాజు మరొకరి భార్యను తీసుకున్నాక, పేదవాడి ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ నాతాను ప్రవక్త చెప్పినప్పుడు అతనికి ఆ ధనవంతుడి మీద మండిపోయింది, మరణశిక్ష తగునన్నాడు. ‘ఆ మనుష్యుడవు నీవే’ అన్న తర్వాత గానీ అది తన కథని అతనికి తెలియలేదు.

3. తలుపు ఎక్కడ తెరిచి ఉందో వెతకండి

హెచ్చరికను జరగబోయేది చెప్పే జోస్యంలా చదివితే సగం పోగొట్టుకున్నట్టే. కుమ్మరి ఇంట్లో యిర్మీయాకు వచ్చిన దేవుని మాట (18వ అధ్యాయం) స్పష్టంగా ఉంది: నాశనం చేస్తానని నేను చెప్పిన జనం చెడుతనం మానితే, నేనూ చేయదలచిన కీడు చేయను. యోనా కథ పిల్లలకు చెప్పేటప్పుడు మనం చేప దగ్గరే ఆగిపోతాం, 3వ అధ్యాయం మాత్రం పెద్దవాళ్లు చదవాల్సింది. నలభై రోజుల్లో నీనెవె నగరం నాశనమవుతుంది అన్నాడు యోనా, మారితే తప్పించుకుంటారని అనలేదు. అయినా ఆ రాజు సింహాసనం దిగి, గోనెపట్ట కట్టుకుని, బూడిదలో కూర్చున్నాడు. దేవుడు మనసు తిప్పుకుంటాడేమో ఎవరికి తెలుసు అన్నాడు. ఉపవాసంతోనే సరిపెట్టలేదు, చేతుల్లోని బలాత్కారం మానమని ఊరంతటికీ ఆజ్ఞ వేశాడు.

4. తీయటి మాటను కూడా పరీక్షించండి

28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, మందిరపు ఉపకరణాలన్నీ తిరిగి వస్తాయి అన్నాడు. అందరూ వినాలనుకున్నది అదే. యిర్మీయా మొదట ఏమన్నాడో గమనించండి: ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక! ఆయనకూ తన జనం బాగుండాలనే ఉంది. కానీ క్షేమం ప్రకటించే ప్రవక్తను ఆ మాట నెరవేరినప్పుడే నమ్మాలన్నాడు. హనన్యా అదే సంవత్సరం చనిపోయాడు.

ఈ రోజుల్లో ‘నీ గురించి నాకొక ప్రవచనం వచ్చింది’ అంటూ వచ్చేవాళ్లున్నారు. పంటికి ఆహారం దొరికితే సమాధానం అని చాటే ప్రవక్తలను, డబ్బుకు సోదె చెప్పేవాళ్లను మీకా 3వ అధ్యాయం గద్దించింది. మాట వెనుక చెయ్యి చాపితే అక్కడితో వినడం ఆపేయండి. భయపెట్టి లొంగదీసుకునేవాళ్ల విషయంలోనూ అంతే.

5. గుచ్చిన చోట ఆగండి

నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. 2 రాజులు 22ను, యిర్మీయా 36ను ఒకే రోజు చదవండి. తండ్రీకొడుకులు ఇద్దరి ముందూ ఒక గ్రంథం చదివారు.

మందిరం బాగుచేయిస్తుండగా దొరికిన ధర్మశాస్త్ర గ్రంథాన్ని శాస్త్రి షాఫాను చదివితే యోషీయా బట్టలు చింపుకున్నాడు. ‘ఇది పాతకాలపు మాట’ అనలేదు. వెంటనే మనుషులను హుల్దా ప్రవక్త్రి దగ్గరికి పంపాడు. కీడు తప్పదన్న జవాబు వచ్చింది, అతని కాలంలో మాత్రం రాదంది. అంతటితో ఊరుకోవచ్చు. అయినా అతను జనాన్నంతా పోగుచేసి ఆ గ్రంథం చదివి వినిపించాడు, విగ్రహాలు తీయించాడు, పస్కా పండుగ ఆచరింపజేశాడు.

అతని కొడుకు యెహోయాకీము తొమ్మిదో నెలలో శీతాకాలపు నగరులో కూర్చుని ఉన్నాడు, ఎదుట కుంపటి. యిర్మీయా చెప్పగా అతని లేఖకుడు బారూకు రాసిన గ్రంథపు చుట్టను యెహూది అనే అతను చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు కాగానే రాజు చాకుతో కోసి కుంపటిలో వేశాడు. గ్రంథపు చుట్టంతా అలాగే కాలిపోయింది. కాల్చవద్దని ముగ్గురు బతిమాలారు, వినలేదు. ఎవరూ బట్టలు చింపుకోలేదని రాసినవాడు ప్రత్యేకంగా చెప్పాడు. ఆ మాటలన్నీ మళ్లీ రాయించారు, ఇంకా కొన్ని చేరాయి కూడా.

మనం చాకు తీయం, పేజీ తిప్పేస్తాం. అందుకే ఏ వచనం దగ్గర చదవడం ఆపాలనిపించిందో దాన్ని చేత్తో రాసుకోండి. ఆ పూట ఇంకేమీ చదవకండి.

6. ఒక్క పని చేయండి, వెనక్కి తీసుకోకండి

బబులోను సైన్యపు ముట్టడిలో ఉన్నప్పుడు సిద్కియా, యెరూషలేము పెద్దలు తమ హెబ్రీ దాసదాసీలను విడిచిపెట్టారు. మందిరంలో నిబంధన చేసి, చీల్చిన దూడ భాగాల మధ్య నడిచారు (ఒట్టు పెట్టుకునే ఆనాటి ఆచారం అది). తర్వాత ఐగుప్తు (ఈజిప్టు) సైన్యం బయలుదేరిందని విని బబులోనువాళ్లు వెనక్కి తగ్గారు. వెంటనే ఆ పెద్దలు తాము విడిచినవాళ్లనే మళ్లీ పట్టి దాసులుగా పెట్టుకున్నారు. ఆ సంగతి చెప్పే 34వ అధ్యాయంలో ఉన్నంత కోపం ఈ గ్రంథంలో అరుదు.

కాబట్టి పశ్చాత్తాపాన్ని తిరిగి అడగలేని పనిగా మార్చండి. ఆపిన కూలి ఇచ్చేయడం, పనివాళ్ల జీతం సరిచేయడం, తమ్ముడి వాటా రాసివ్వడం, అన్యాయంగా పెట్టిన కేసు ఉపసంహరించుకోవడం. ఆపద గడిచాక మనసు మారకుండా వెంటనే, నలుగురికీ తెలిసేలా చేయండి.

7. నిర్ణయం చేసుకున్నాక అడగకండి

నగరం కూలిపోయాక మిగిలినవాళ్లు, సేనాధిపతి యోహానానుతో సహా, యిర్మీయా దగ్గరికి వచ్చారు. దేవుడు ఏం చెప్పినా, మంచైనా చెడైనా, వింటామన్నారు. జవాబు పది రోజులకు వచ్చింది: ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకు పోవద్దు. నువ్వు అబద్ధం చెబుతున్నావు అన్నారు. అప్పటికే వాళ్ల మనసు ఐగుప్తు వైపు తిరిగింది. యిర్మీయానూ బారూకునూ కూడా వెంటబెట్టుకుని ఐగుప్తులోని తహపనేసుకు వెళ్లిపోయారు.

మీరు కూడా ప్రార్థనకు కూర్చునే ముందు, ఏ జవాబు వస్తే ఒప్పుకోనో కాగితం మీద రాయండి. ఆ జవాబునే ముందుగా దేవుని ముందు పెట్టండి. పది రోజులు ఆగాల్సి వచ్చినా, ఆ లోపు టికెట్లు కొనకండి, సంతకాలు పెట్టకండి.